విజిల్ దాకా

ఏప్రిల్ 26

నోరు పారేసుకున్నాను. కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ గదిలో అందరి ముందూ లేచి, ఈ కుర్రాణ్ణి తీసుకోకపోతే మనంత వెర్రివాళ్ళు దేశంలో ఇంకొకళ్ళుండరని అరిచాను. రెండో రౌండ్‌లో మా వంతు వచ్చేసరికి, ఊరూరా తిరిగి ఆటగాళ్ళని చూసొచ్చే స్కౌట్లందరూ వేరే వాడి పేరు పట్టుకుని వేలాడుతున్నారు. నేను వినలేదు. టైటస్ ఉన్రూ. కాన్సాస్‌లో పాడి రైతు కొడుకు. మూడొందల పద్దెనిమిది పౌన్ల మనిషి, అడుగులు మాత్రం పిల్లిలా పడతాయి. ఇన్నేళ్ళుగా అమెరికన్ ఫుట్‌బాల్లో లైన్‌మెన్‌ని, ముందువరసలో నిలబడి అవతలివాళ్ళని అడ్డుకునేవాళ్ళని, తయారుచేస్తున్నాను, ఇలాంటి కాళ్ళు ఇంకెక్కడా చూడలేదు.

హెడ్ కోచ్ హాల్వర్సన్ చివరికి సరే అన్నాడు. అని, నా భుజం మీద చెయ్యేసి, రే అని పేరుపెట్టి పిలిచి, వీడు నీ వాడు, వీడు నిలబడితే నువ్వుంటావు, లేదంటే ఇద్దరూ కలిసి సామాను సర్దుకోండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా కాంట్రాక్టు ఈ సీజన్‌తో ఆఖరు. ఆ సంగతి గదిలో కాఫీ పోసేవాడిక్కూడా తెలుసు. యాభై తొమ్మిదేళ్ళ లైన్ కోచ్‌ని ఇంకెవడు పిలుస్తాడు?

ఏప్రిల్ 27

టైటస్ తండ్రితో ఫోన్లో మాట్లాడాను. మెనొనైట్ చర్చి వాళ్ళు. మనిషి మీద చెయ్యెత్తడం పాపమనుకునే జనం, యుద్ధానిక్కూడా వెళ్ళరు. కొడుకు ఆట ఆడటం ఆయనకి ఇష్టమో కాదో గొంతుని బట్టి తెలియలేదు. మావాడు చెప్పినమాట వింటాడండీ, చిన్నప్పట్నుంచీ అంతే, అందుకని ఏం చెప్పాలో కాస్త చూసుకుని చెప్పండి అన్నాడు.

ఫోన్ పెట్టేసి లోరెట్టాతో, నా జన్మలో చెప్పినమాట వినే లైన్‌మన్‌ని చూడలేదే అని నవ్వాను. నేనూ చెప్పినమాట వినే మొగుణ్ణి చూడలేదు అంది.

మే 11

కొత్తవాళ్ళ క్యాంపు. కాళ్ళు నేననుకున్నట్టే ఉన్నాయి. చేతులు కూడా. మనసే మెత్తన.

ఎదుటివాణ్ణి ఎత్తి కింద పడేస్తాడు. పడేసి, వంగి, చెయ్యిచ్చి లేపుతాడు! పైగా దెబ్బ తగిలిందా అని అడుగుతాడు. గ్రౌండంతా పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఒరే నాయనా, మనవాడు పడితే లేపు, అవతలివాణ్ణి లేపకు అని గొంతు చించుకున్నాను. అలాగే కోచ్ అన్నాడు. తర్వాత పడేసినవాడికి చెయ్యివ్వలేదు. సారీ మాత్రం చెప్పాడు.

జూన్ 8

ప్రాక్టీస్‌లో రోజూ టైటస్ ఎదురుగా నిలబడేది డెల్రాయ్ గెయిన్స్. మా టీమ్ డిఫెన్స్‌లో అందరికంటే ముసలాడు, ముప్ఫై నాలుగు. మోకాళ్ళకి పట్టీలు చుట్టుకోవడానికే అరగంట పడుతుంది వాడికి. నోరు మాత్రం ఇంకా కుర్రదే. ఏరా పాలబ్బాయ్, నన్ను తోస్తున్నావా దువ్వుతున్నావా, నేనేమన్నా మీ నాన్న ఆవునా అని ఒకటే ఏడిపించడం. టైటస్ చెవులదాకా ఎర్రబడిపోతాడు.

అయినా ఇద్దరికీ భలే కుదిరింది. ఆదివారం సరస్సు మీదికి చేపలకి పోయి, సాయంత్రం పట్టిన చేపలన్నీ మా ఇంటికి తెచ్చారు. లోరెట్టా వేయించింది. టైటస్ గిన్నెలన్నీ తోమి, తుడిచి, ఏది ఎక్కడ పెట్టాలో అడిగి మరీ సర్దాడు. ఇలాంటి కొడుకుంటే ఎంత బాగుండేది అంది లోరెట్టా. ఇలాంటి లైన్‌మన్ ఉంటే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాను.

వెళ్ళేటప్పుడు డెల్రాయ్ వాకిట్లో ఆగి, ఇదే ఆఖరు సీజన్ రే, నా కాళ్ళమీద నేను నడుచుకుంటూ బయటికి పోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అన్నాడు. వాడు అంత నెమ్మదిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు 16

అయిపోయింది. సీజన్ ఇంకా మొదలవలేదు, నా పని అయిపోయింది.

సన్నాహక మ్యాచ్, రెండో క్వార్టర్. టైటస్ తన మనిషిని పడేశాడు. చక్కగా, నేను నేర్పినట్టే. పడేశాడు కదా, పని అయిందనుకుని నిలబడిపోయాడు. విజిల్ ఇంకా పడలేదు. కిందపడ్డవాడు లేచాడు, టైటస్ పక్కనుంచే పోయాడు, వెనక బంతి విసరబోతున్న మా క్వార్టర్‌బ్యాక్ జేస్ మెరిట్‌ని వెనకనుంచి గుద్దాడు. కాలర్ ఎముక విరిగిన చప్పుడు సైడ్‌లైన్ దాకా వినపడింది. ఇంక జేస్ నవంబర్ దాకా రాడు.

మా పని ఒక్కటే. వెనకున్నవాడి మీద ఎవణ్ణీ పడనీయకపోవడం. ఆ ఒక్క పనీ జరగలేదు.

ఆగస్టు 18

హాల్వర్సన్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నడవాలో ఎదురుపడి, అట్టపెట్టెలు కావాలా రే, స్టోర్‌రూమ్‌లో చాలా ఉన్నాయి అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 19, ఉదయం 6

మొదలుపెట్టాను. టైటస్‌ని టిఫిన్‌కి ముందే వీడియో గదికి రమ్మన్నాను. ఆ ఒక్క ముక్క వేసి చూపించాను. వాడు నిలబడిపోవడం, వెనక జేస్ పడటం. మళ్ళీ వేశాను. మళ్ళీ.

చెప్పాను. నువ్వు ఆగినందుకు జేస్ ఎముక విరిగింది. విజిల్ దాకా ఆగకు. అవతలివాడు కిందపడ్డా ఆగకు, వాడు అరిచినా ఆగకు, మీ అమ్మొచ్చి పిలిచినా ఆగకు. వినాల్సింది విజిల్ ఒక్కటే.

ఏడ్చాడు. అంత మనిషి, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని, చిన్నపిల్లాడిలా. ఏడుస్తూనే అలాగే కోచ్ అన్నాడు.

ఆగస్టు 24

టైటస్ తిండి సరిగ్గా తినడం లేదట. తొమ్మిది పౌన్లు తగ్గాడు. వంటవాళ్ళకి చెప్పి పొద్దున్నా సాయంత్రం మిల్క్‌షేకులు పట్టిస్తున్నాను.

వీడియో ఆపలేదు.

సెప్టెంబర్ 3

ఇవాళ కూడా చూపించాను.

సెప్టెంబర్ 14

ఇప్పుడు ఏడవడం లేదు. నేను రాకముందే వచ్చి, లైటు కూడా వేసుకోకుండా తనే వీడియో వేసుకుని కూర్చుంటున్నాడు. గుడ్‌మార్నింగ్ అంటే తల తిప్పలేదు. నాకెందుకో కాస్త భయం వేసింది. వెంటనే, పోనీలే, దారిలో పడుతున్నాడు అనుకున్నాను. మనిషి ఎలాగైనా తనకి నచ్చజెప్పుకోగలడు.

సెప్టెంబర్ 22

నిన్నటి మ్యాచ్‌లో టైటస్ తన ఎదురుగా ఉన్నవాణ్ణి మైదానం దాటించి, బెంచీ మీదికి తోసి, విజిల్ పడ్డాకే వదిలాడు. బెంచీ విరిగింది. మా వాళ్ళంతా గెంతులు వేశారు. హాల్వర్సన్ నాకేసి చూసి బొటనవేలు ఎత్తాడు. రాత్రి బాగా నిద్రపట్టింది, అబద్ధమెందుకు.

డెల్రాయ్ మాత్రం ఇవాళ నా ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఏం పెడుతున్నావు రే వాడికి అని అడిగాడు. నాతో మాట్లాడటం మానేశాడు, చేపలకి రమ్మంటే పనుందంటాడు, ఏడిపిస్తే ఎర్రబడటం లేదు, ఏంటి సంగతి అన్నాడు. ఎదుగుతున్నాడు అన్నాను. ఎదిగితే కుర్రాళ్ళు నోరు పెంచుకుంటారు గానీ మూసుకుంటారా అన్నాడు.

అక్టోబర్ 9, మధ్యాహ్నం 2

రాస్తేగానీ మనసు కుదుటపడేలా లేదు.

ప్రాక్టీస్‌లో ఒకరితో ఒకరు తలపడే డ్రిల్. విజిల్ నా నోట్లో ఉంది. టైటస్, డెల్రాయ్. బంతి కదిలింది. టైటస్ రెండు చేతులూ డెల్రాయ్ ఛాతీ కిందికి పోనిచ్చాడు, తుంటి దించాడు, ఎత్తాడు. ఎంత అందంగా ఉందో! ఈ డ్రిల్‌లో అక్కడితో విజిల్ ఊదాలి. ఎత్తాక ఇంక పని లేదు. నేను ఊదలేదు. నేను చూస్తున్నాను. ఇన్నేళ్ళూ ఎవడికి నేర్పినా ఇలా రాలేదు, ఇదిగో నా కళ్ళముందు వచ్చింది, ఇంకొక్క క్షణం చూడనీ అనిపించింది. డెల్రాయ్ వెనక్కి పోతున్నాడు, అడుగులు తడబడుతున్నాయి, చాలు చాలు అంటున్నాడు, ఒరే చాలురా అని అరుస్తున్నాడు. టైటస్ వింటే కదా. వాడు వినాల్సింది విజిల్ ఒక్కటేనాయె.

డెల్రాయ్ కుడికాలు గడ్డిలో దిగబడిపోయింది. మనిషి వెనక్కి విరుచుకుపడ్డాడు, కాలు అక్కడే ఉండిపోయింది. టైటస్ వాడి మీద పడి ఇంకా తోస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఊదాను.

టక్కున లేచాడు టైటస్. చేతులు పక్కన పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనకాల డెల్రాయ్ కేకలు పెడుతుంటే వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సరిగ్గా చేశానా కోచ్ అని అడిగాడు.

సరిగ్గా చేశావు అన్నాను. ఏమనను మరి?

అక్టోబర్ 9, సాయంత్రం 5

హాల్వర్సన్ వచ్చాడు. పాపం డెల్రాయ్ అన్నాడు. కానీ రే, కుర్రాడు వాణ్ణి అడ్డుకున్న తీరు ఉంది చూశావూ, అబ్బబ్బ, అన్నాడు.

విజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ టైటస్‌నే చూశారు, నన్ను ఎవరూ చూడలేదు.

అక్టోబర్ 11

ఆసుపత్రికి వెళ్ళాను. మోకాల్లో ఒక్క లిగమెంట్ మిగల్లేదని డాక్టర్ అన్నాడు. నడుస్తాడు గానీ కర్ర వదలడట. డెల్రాయ్‌కి కూడా చెప్పేశారు.

వాడు నన్ను కూర్చోమని, నీళ్ళు తాగి, నీ విజిల్ ఏమైంది రే అన్నాడు.

ఊదాను, గోలలో నీకు వినపడలేదేమో అన్నాను. దొంగ వెధవని.

డెల్రాయ్, అలాగైతే విజిల్ పడ్డాక కూడా తోసినట్టవుతుంది, తప్పు ఆ కుర్రాడిదవుతుంది కదా అన్నాడు. ఈ మాట వాడి దగ్గర మాత్రం అనకు, పాలబ్బాయి బతకలేడు అన్నాడు. నాకు అంతదాకా తట్టనే లేదు. కాలు పోయినవాడికి తట్టింది.

తల ఊపి వచ్చేశాను. కారులో కూర్చుని ఏడ్చాను.

నవంబర్ 20

వరసగా అయిదు గెలిచాం. పేపర్లో నా ఫోటో వేశారు, పక్కన టైటస్. నాలాంటి పాతకాలపు కోచ్‌లు అరుదైపోయారని రాశారు.

భోజనాల హాల్లో టైటస్ బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. అందరూ జడుస్తున్నారు. వాడు ఒక్కడే తింటాడు, ప్లేటు ఖాళీ చేస్తాడు, లేచి వీడియో గదికి పోతాడు. ఆ ముక్క ఇంక చూడక్కర్లేదురా అని మొన్న చెప్పబోయాను. ఆదివారం మ్యాచ్ ఉందని ఆగిపోయాను.

డిసెంబర్ 25

టైటస్‌ని భోజనానికి పిలిచాం. చర్చికి వెళ్ళేంత శ్రద్ధగా టై కట్టుకుని వచ్చాడు. పెట్టింది తిన్నాడు, అడిగితే మాట్లాడాడు. డెల్రాయ్‌ని చూడటానికి వెళ్ళావా నాయనా అంది లోరెట్టా. కోచ్ వెళ్ళమనలేదండీ అన్నాడు.

లోరెట్టా లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు.

జనవరి 14

ఇంకో మూడేళ్ళకి కాంట్రాక్టు ఇచ్చారు. సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చెబితే లోరెట్టా, మంచిది, డెల్రాయ్‌కి ఫోన్ చేశావా అంది. చెయ్యలేదు.

మార్చి 2

టైటస్ తండ్రి ఫోన్ చేశాడు. కుర్రాడు సెలవులకి ఇంటికెళ్ళాడు. నిన్న పాకలో అన్నదమ్ములిద్దరూ ఎప్పట్లాగే సరదాకి కుస్తీ పట్టారట. తమ్ముడి చెయ్యి రెండుచోట్ల విరిగింది. నొప్పిరా అన్నయ్యా అని వాడు అరిచినా ఆపలేదట, తల్లి వచ్చి వీపు మీద కొట్టినా ఆపలేదట. చివరికి తండ్రీ పాలేళ్ళూ కలిసి లాగారు. అప్పట్నుంచీ తిండి లేదు, ఒక్క మాట లేదు, గొడ్ల మధ్య కూర్చున్నాడట. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా మాట వీడికి ఎక్కడం లేదండీ, మీరు చెబితే వింటాడు, ఇంక ఆపెయ్యరా అని ఒక్క మాట చెప్పండి చాలు, మీకు పుణ్యముంటుంది అని ఫోన్ వాడికిచ్చాడు.

కోచ్ అన్నాడు టైటస్. ఆ ఒక్క మాటకోసం ఎదురుచూస్తున్నాడు.

బరువెంత ఉన్నావురా అని అడిగాను.