మున్నూరు దాటినాక

బావా,

బాగున్నావా అని అడిగే మొహం నాకు లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ ఎవరైనా నీ పేరెత్తితే మొహం తిప్పుకునేవాణ్ణి. దుఃఖం అనుకునేవాళ్లు అందరూ. కాదని నీకు తెలుసు... మొన్నటిదాకా నీ ఒక్కడికే తెలుసు.

నీ ఇల్లుబండి సంగతే బావా.

కువైట్‌లో పదహారేళ్లు డ్రైవరు పనిచేసి వచ్చి, నువ్వు ప్రొద్దుటూరులో ఆ పాత వ్యాను కొన్నప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. వెనక సీట్లు పీకించి చెక్కమంచం బిగించావు. గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీలకు అక్క పాత చీరల పరదాలు. మొదటిసారి గండికోటకు పోయినప్పుడు బండి పక్కన అక్క చిత్రాన్నం కలుపుతుంటే టూరిస్టులు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆమె అంత గర్వంగా నవ్వడం నేను మీ పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ బండిలో డీజిలు ఎంతుందో చూపే ముల్లు పనిచేసేది కాదు. అందుకే ట్యాంకు నింపిన ప్రతిసారీ తలుపు లోపలివైపు సుద్దముక్కతో మీటరు అంకె రాసుకునేవాడివి. దానికి మూడొందలు కలిపితే వచ్చే అంకె మీటరులో కనబడకముందే బండి మళ్లీ బంకులో ఉండాలి.

"మున్నూరు దాటినాక ఈ ముసిల్దాన్ని నమ్మగూడదురా. అడుగున ఉండేది డీజిలు గాదు, మడ్డి."

నేను హైస్కూల్లో లెక్కల అయ్యవారిని కదా... ఊరుకుంటానా? ట్యాంకుకు నలభై లీటర్లు, లీటరుకు పది కిలోమీటర్లు, నాలుగొందలు రావాలని పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. నీ భయం వల్ల వంద కిలోమీటర్ల డీజిలు ఊరికే ట్యాంకులో కూర్చుంటోందని ఎగతాళి చేశాను. దానికి నువ్వన్న మాట గుర్తుందా?

"అయివారూ, ఆ లెక్క కొత్త బండికి జెప్పుపో. దీనికి ముసిల్తనముండాది, దావలో మిట్టలుండాయి, మీ అక్క ఎత్తే సామానుండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. ఎందుకంత మంట? పదో తరగతి తప్పినవాడు నాకు లెక్క చెప్పాడనా? రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఇక ఆ రోజు...

మీ కూతురు శైలుకు నెల తక్కువ కాన్పు, పులివెందులలో అత్తగారింటి దగ్గరే ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఉయ్యాలలో వేసే పండగకు ఉయ్యాల తల్లిగారింటి నుంచి పోవాలి. నువ్వు టేకుతో చేయించి, చిలకలు చెక్కించావు. నీ గుండెకు స్టెంటు వేసి అప్పటికి నెల కూడా కాలేదు. బరువు పని చేయొద్దు, ఆయాసపడొద్దు అన్నారు. అక్క మూడు రోజుల ముందే పులివెందుల పోయింది. పండగ రోజు పొద్దున నువ్వు ఉయ్యాల పక్కన చెక్కమంచం మీద పడుకున్నావు, నేను బండి తోలాను.

జమ్మలమడుగు దాటకముందే వెనక నుంచి అడిగావు.

"మీటరు ఎంత తిరిగిందిరా? బంకులోకి పోనీబ్బా."

చూశాను. నింపినాక రెండొందల తొంభై తిరిగింది. రెండొందలే అయిందని చెప్పాను.

పులివెందుల చేరేసరికి మూడొందల యాభై అవుతుంది. అప్పుడు అందరి ముందూ ఆ అంకె చూపించి నీ మున్నూరు తప్పని రుజువు చేయాలి. అదీ నా ఆలోచన. నువ్వు లేచి తలుపు మీద సుద్దగీత చూసుకోలేదు. బామ్మర్ది చెప్పాడు, చాలనుకున్నావు.

ముద్దనూరు దాటి మిట్ట ఎక్కుతుంటే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎవరిదో మోటార్ సైకిలెక్కి వెనక్కి పోయి, క్యానులో డీజిలు తెచ్చి పోశాను. అయినా స్టార్ట్ కాలేదు. ట్యాంకు ఎండితే డీజిలు పైపుల్లోకి గాలి చేరుతుందని, అది తీసేదాకా ఇంజను పలకదని నాకేం తెలుసు? నువ్వే దిగావు. బోల్టు వదులు చేసి, ఇంజను పక్కనుండే చిన్న పంపును బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నావు. ఎండ. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నేను నీ పక్కన క్యాను పట్టుకుని నిలబడ్డాను.

మనం చేరేసరికి మధ్యాహ్నం. ముహూర్తం తప్పకూడదని వాళ్లు చీర కట్టి అందులోనే బిడ్డను వేసేశారు. నీ టేకు ఉయ్యాలను వసారాలో గోడకు ఆనించారు. ఇంత ఆలస్యమేందని అక్క వియ్యంకుల ముందే నిలదీసింది.

డీజిలు అయిపోయిందని, సరిపోతుందని నువ్వే అన్నావని చెప్పాను.

నువ్వు నా వైపు చూశావు. కోపంగా కాదు... అదేం చూపో నాకిప్పటికీ తెలీదు. తర్వాత తల దించుకున్నావు.

"అవును, నేనే అంటి. లెక్క తప్పితి."

ఇంకో పంతొమ్మిది రోజులకు పోయావు. ఆ రోజు పడిన ఆయాసం వల్ల కాదని డాక్టరు చెప్పాడు. రెండుసార్లు అడిగాను. నిజంగా కాదా బావా?

అప్పటి నుంచి మొన్నటిదాకా అక్క నీ కోసం ఏడవలేదు. నీ మొండితనం వల్ల మనవరాలి పండగలో తలవంపులైందని, ఆ మొండితనమే నిన్ను తిన్నదని వచ్చిన వాళ్లందరికీ చెబుతూ వచ్చింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి మీద కోపం పెట్టుకుని బతికింది. ఆ కోపం నేను పెట్టింది. పక్కనే కూర్చుని వింటూ వచ్చాను.

పోయిన వారం బండి అమ్మేయమని తాళాలు నా చేతికిచ్చింది. నేను అమ్మలేదు. బంకులో మెడ దాకా నింపించి, అంకె రాసుకుని, డీజిలు క్యాను వెనక పెట్టుకుని బయల్దేరాను. రెండు రోజులు తిరిగాను. ప్రొద్దుటూరు, బ్రహ్మంగారిమఠం, వెనక్కి, మళ్లీ పులివెందుల. సింహాద్రిపురం దగ్గర చీనీ తోటల పక్కన ఆగిపోయింది. నింపినాక తిరిగింది మూడొందల పద్దెనిమిది.

క్యానులోది పోసి, మెకానిక్‌ను అడిగి నేర్చుకున్నట్టు గాలి తీయడం మొదలుపెట్టాను. గంటన్నర పట్టింది. బొటనవేలు బొబ్బలెక్కింది. నా గుండెకు ఏ జబ్బూ లేదు బావా, అయినా రొప్పుతూ రోడ్డు పక్కన కూలబడ్డాను. నిన్ను అక్కడ కూర్చోబెట్టి నేనెట్లా నిలబడగలిగాను?

అక్కడి నుంచి నేరుగా అక్క దగ్గరికే పోయాను. మీటరు చూసి అబద్ధం చెప్పానని, నువ్వు సరిపోతుందని అనలేదని, బంకులోకి పోనీమని నువ్వే అడిగావని, అంతా చెప్పాను. అలసంద కాయలు ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి. ఒక్కటే అడిగింది, నేను అబద్ధమాడానని నీకు తెలుసా అని. తెలుసన్నాను. చాట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎనిమిది నెలల ఏడుపు. తర్వాత ఈ గడప తొక్కొద్దంది. తొక్కడం లేదు.

నిన్న శైలు ఫోన్ చేసింది. అక్క పొయ్యి దగ్గర నిలబడి నీతో మాట్లాడుతోందట. తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావని, తనకైనా చెప్పకూడదా అని తిడుతోందట, ఏడుస్తోందట, కాఫీ కలుపుతూ మళ్లీ ఏదో చెబుతోందట.

నాతో మాట్లాడదు బావా. ఎప్పటికి మాట్లాడుతుందో తెలీదు. నీతో మాట్లాడుతోంది కదా... నేను ఓర్చుకుంటాను.

నీ బామ్మర్ది,
రమణ