నా థెరమిన్ ఇస్సాకు చేతికి చిక్కకూడదు

నేను, మాదాసు రాహేలును, ఇస్సాకు భార్యను, యాభై రెండేళ్ల దానిని, దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో కాపురముంటూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్నదానిని, నా తెలివి నా దగ్గర ఉండగా, ఎవరి బెదిరింపుకూ లొంగకుండా రాస్తున్న వీలునామా ఇది. బెదిరింపులు లేవని మాత్రం రాయలేను. మొన్న ఆదివారం కూడా నా భర్త గల్లీ మొగలో నిలబడి, మమ్మల్ని ఇంట్లో పెట్టి తగలబెడతానని అరిచి పోయాడు. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్ ఉంది. బతికి వస్తే ఈ కాగితం బీరువాలో ఉంటుంది. రాకపోతే కింద రాసినట్టే జరగాలి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత స్టేషన్ రోడ్డులో దుకాణం ఉన్న రేడియో మెకానిక్ భిక్షపతికి అప్పగిస్తున్నాను. చుట్టాల్లో ఎవరినీ పెట్టలేదు. దెబ్బలు తిన్న ప్రతిసారీ నన్నే సర్దుకుపొమ్మన్నవాళ్లు నా సామాను పంచడానికి పనికిరారు.

2. నా జీతంతో కొని, నా పేరు మీదే రిజిస్టరైన ఈ రెండు గదుల ఇల్లు నా కూతురు బేబీకి చెందుతుంది. ఇందులో ఇస్సాకుకు గానీ, అతని తరఫువాళ్లకు గానీ ఏ హక్కూ లేదు.

3. నా థెరమిన్, దాని స్టాండు, స్పీకరు కూడా బేబీకే. ఇది కరెంటుతో మోగే వాయిద్యం. చెక్కపెట్టెకు కుడివైపు నిటారుగా ఒక కడ్డీ, ఎడమవైపు ఉంగరంలా వంచిన ఇంకో కడ్డీ ఉంటాయి. వాయించేటప్పుడు దేన్నీ తాకకూడదు. కుడిచేయి కడ్డీకి దగ్గరైతే స్వరం పైకి పోతుంది, దూరమైతే దిగుతుంది. ఎడమచేయి ఉంగరం మీద నుంచి లేపితే శబ్దం పెరుగుతుంది, దించితే ఆగిపోతుంది. గాలిలో చేతులు ఊపే ఆ డబ్బా ఆమెకు ఎందుకని చాలామంది నవ్వారు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

4. నేను చర్చిలో వయొలిన్ వాయించేదాన్ని. మా నాన్న నేర్పిన విద్య. 1993లో ఈస్టరు పండగనాడు పాస్టరుగారు నా పాటను అందరి ముందూ మెచ్చుకున్నారు. ఇంటికి రాగానే ఇస్సాకు ఆ వయొలిన్ తీసి, అది విరిగేదాకా నా వీపు మీద కొట్టాడు. ముక్కలు ఏరుకుంటుంటే నా ఎడమచేయి పట్టి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. “ఇగ వాయించు. నీ పాస్టరుకు ఇనబడేటట్టు వాయించు” అంటూ మళ్లీ తెరిచి మళ్లీ మూశాడు. అప్పుడు మాతోనే ఉంటున్న అతని సొంత అక్క ఆగమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, లాగితే రాడని, అతని మెడ కొరికింది. అతను కేక పెట్టి వదిలాడు. “ఏళ్లు తెగుతున్నయ్ గదరా, నువ్వు మనిషివేనారా” అని ఆమె అరుస్తుంటే పళ్ల మీద తమ్ముడి నెత్తురు ఉంది. నా మూడు వేళ్లు అతుక్కున్నాయి గానీ వంగవు. తీగ నొక్కలేను. ఆ తర్వాత చర్చికి పోయినా వెనక బల్ల మీద కూర్చునేదాన్ని.

5. 2003లో అమీర్‌పేటలో ఒక రికార్డింగ్ స్టూడియో మూసేస్తూ సామాను అమ్ముతుంటే, వేళ్లు వంగనివాళ్లు కూడా వాయించగల వాయిద్యం అక్కడ ఉందని చెప్పి భిక్షపతి నన్నూ బేబీనీ తీసుకుపోయాడు. స్టూడియో యజమాని ఫణిగారు కోస్తా ఆయన, మర్యాదస్థుడు. ఆయన దగ్గర మూడు థెరమిన్లు ఉన్నాయి. మూడూ వాయించి చూశాకే కొన్నాను. రేపు ఎవరైనా దీన్ని అమ్మి వేరేది కొనుక్కోమంటే బేబీ మోసపోకూడదని ఆ తేడాలు రాస్తున్నాను.

చిన్నదానికి ఒకటే కడ్డీ. శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా బిరడా తిప్పాలి. స్వరానికీ స్వరానికీ మధ్య ఆపే వీలు లేదు. జారుతూ మూలుగుతుంది. ఆ మూలుగు మా ఇంట్లో చాలా విన్నాను, డబ్బిచ్చి కొనుక్కోను. పెద్దదానికి బిరడాలు ఎక్కువ, నాలుగు రకాల గొంతులు మార్చుకోవచ్చు. పై స్వరాలు చెవిలో సూది దింపినట్టు ఉన్నాయి. పైగా చేయి కొంచెం వణికితే చాలు, స్వరం ఎగిరిపోతుంది. దెబ్బలు తిన్న మనిషి చేయి వణక్కుండా ఉండదు. మధ్యదానికి రెండు కడ్డీలు, గొంతు మార్చడానికి రెండే బిరడాలు. కింది స్వరాలు వయొలిన్ లావు తీగలా నిండుగా పలికాయి. స్వరాల మధ్య ఎడం కిందా పైనా దాదాపు ఒకేలా ఉంది కాబట్టి చేయి తడుముకోనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఎడమచేయి లేపడం, దించడం తప్ప ఇంకేం చేయనక్కర్లేదు. వంగని వేళ్లతో ఆ పని నేను చేయగలను.

“పెద్దది తీసుకోండమ్మా, అందులో రకరకాల గొంతులున్నాయండీ” అన్నారు ఫణిగారు.

“నాకు ఒక్క గొంతు చాలు సార్. అది నేను చెప్పినట్టు ఇనాలె” అన్నాను. బేబీ అక్కడే ఏడ్చేసింది.

బేబీ, వాయించే ముందు కాసేపు వేడెక్కనివ్వు. స్వరం అప్పుడే నిలుస్తుంది.

6. పెట్టె ముందువైపు ఉన్న సొట్ట గురించి. కొన్న మరుసటి సంవత్సరం ఇస్సాకు సుత్తి పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బ పెట్టె మీద పడింది. రెండోది అడ్డం పోయిన బేబీ భుజం మీద పడి మెడ కింది కంటె ఎముక విరిగింది. ఆ చప్పుడు విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. రుబ్బురోలు పొత్రం ఎత్తి అతని మోకాలి మీద వేశాను. కింద పడ్డాక తల మీద వేయబోయాను. ఆగమ్మ నా చేయి పట్టుకుంది. “వాడు సస్తే నువ్వు జైలుకు పోతవ్ బిడ్డా, పిల్లకు దిక్కెవరే” అంది. అతను ఈ రోజు బతికి ఉన్నది ఆ మాట వల్లే. ఆ కుంటికాలితోనే ఇల్లు విడిచి పోయాడు. దీని గురించి నాకు పశ్చాత్తాపం లేదు. దేవుడు అడిగినా ఇదే చెబుతాను.

7. ఆగమ్మ బతికున్నంత కాలం ముందుగది ఆమెది. కిటికీ పక్క మంచం, నా ఉన్ని శాలువా, కొత్త ప్రెషర్ కుక్కరు ఆమెకు ఇస్తున్నాను. తమ్ముణ్ణి కరిచిందని ఆమెను చుట్టాలు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. బేబీ పెళ్లిలో మొదటి వరసలో ఆమెను కూర్చోబెట్టాలి. బేబీ, కట్టుకున్నవాడు నీ మీద చెయ్యి ఎత్తిన పూటే బయటికి వచ్చెయ్యి. రెండో దెబ్బ కోసం ఆగొద్దు. నేను ఆగి చూశాను, అది మూడోదాని కోసం ఆగడమే.

8. ఇస్సాకుకు అతని సుత్తి తిరిగి ఇవ్వాలి. పిడి తీసేసి ఇవ్వాలి.

9. ఈ సంవత్సరం గుడ్‌ఫ్రైడేకు చర్చిలో థెరమిన్ వాయించాను. పాట సగంలో ఉండగా ఇస్సాకు కిటికీలోంచి రాయి విసిరాడు. నా కనుబొమ్మ చీలింది. కంట్లోకి నెత్తురు కారుతుంటే కుడిచేయి కదలనివ్వకుండా ఆ స్వరాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. కుర్రవాళ్లు అతన్ని గేటు దాకా ఈడ్చుకుపోయి కొట్టారు. అతని కేకలు నాకు వినబడ్డాయి. నేను వాళ్లను ఆపమనలేదు, పాటనూ ఆపలేదు. చివరి చరణం దాకా వాయించి, ఆ తర్వాతే కుట్లు వేయించుకోవడానికి పోయాను. ఆ రోజు పాట ఎలా ఉందని ఆగమ్మను అడిగితే, “మస్తుగుండె, నీ మొఖం సూడలేకపోయిన” అంది.

10. నన్ను పాతిపెట్టే రోజున ఇస్సాకు వస్తే ఎవరూ గేటు దగ్గర ఆపొద్దు, ఎవరూ కొట్టొద్దు. ఆ ఒక్క రోజైనా నా చుట్టూ దెబ్బల చప్పుడు ఉండకూడదు. అందరితోపాటు పిడికెడు మట్టి వేస్తానంటే వేయనివ్వండి. కుడిచేత్తో మాత్రం వద్దు. ఆ చేయి నా మీద పడింది చాలు. ఎడమచేత్తో వేసి పొమ్మనండి.

పైన రాసినదంతా నా సొంత చేతిరాత. చదివి చూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాను.

దబీర్‌పురా, హైదరాబాద్
2006 జూన్ 18

(సంతకం) మాదాసు రాహేలు

సాక్షులు:
1. గుండయ్య, చర్చి పెద్ద, మాదన్నపేట
2. నీహారిక, స్టాఫ్ నర్సు