హకోబ్ మాస్టారికి తప్పుల వైద్యం

11 జనవరి 1976, మత్రా ఆసుపత్రి

నాలుగో మంచం మాస్టారు ఇవాళా నోరు విప్పలేదు. పక్షవాతం వచ్చి ఆరు వారాలు. కుడిచెయ్యి లేవదు, మాట రాదు. కళ్లు మాత్రం వార్డంతా పహరా కాస్తాయి. ఆర్మేనియన్. ఇస్ఫహాన్‌లో నలభై ఏళ్లు బడిపంతులు. పేరు హకోబ్. కొడుకు వాహాన్ ఈ అరబ్బు దేశంలోనే రుస్తాఖ్ రోడ్డు పనిలో ఇంజనీరు, శుక్రవారాలు వచ్చి చూసి వెళ్తాడు. ఇక మాట మీద ఆశ పెట్టుకోవద్దన్నారట డాక్టరు. "మాట రాని మనిషిని క్యాంపులో ఎలా పెట్టుకోను? ఇస్ఫహాన్ ఆశ్రమానికి పంపేస్తాను." మొన్న కొడుకు మాస్టారి ముందే అన్నాడు! ఆయనకి చెవులు పోలేదు కదా. ఒళ్లు మండింది.

12 జనవరి

దిండు కింద ఒక నోటుబుక్కు. ఆర్మేనియన్ మాటల పుట్టుపూర్వోత్తరాలు, మాస్టారి దస్తూరీలోనే. కొడుక్కి ఆ లిపి రాదని కాబోలు, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాశారు, అర్థంతో సహా. ఆ పక్కన ఒక్కో మాటకీ వేరే భాషల్లో చుట్టాలు — పారశీకం, గ్రీకు, సంస్కృతం.

డ్యూటీ అయ్యాక పైకి చదివాను. హయ్‌ర్ అంటే తండ్రి, మన పితృ. హింగ్ అంటే అయిదు, మన పంచ. 'ప' కాస్తా 'హ' అయిందట. ఓస్, ఇంతేనా! మా హిందూపురం సంతలో రోజూ వినేదేగా. మా పాలు కన్నడం వాళ్లకి హాలు, మా పులి వాళ్లకి హులి. ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి మా సంత! ఎంత సంతోషమేసిందో...

యెర్కు అంటే రెండు. అదీ, మన ద్వీ పుట్టుకలో ఒకటేనట, ఒక్క అక్షరం కలవకపోయినా. "ఎవరి చెవిలో పువ్వు పెడతారు మాస్టారూ?" తెలుగులోనే అనేశాను. కనుబొమ్మ కదిలింది. కదిలిందనే అనుకుంటున్నా.

15 జనవరి

అయిదో మంచం రాజయ్య — ఉట్నూరు మనిషి, సైట్‌లో పరంజా మీంచి పడి కాలు విరిగింది — ఇవాళ గుట్టు విప్పాడు. "అక్కా, నువ్వు తడబడి తప్పు సదివితే ముసలాయన గుర్రుమంటుండు. మంచిగ సదివితే సప్పుడు జేస్తలేడు."

చూద్దాం.

17 జనవరి

యోథ్ అంటే ఏడు. కావాలనే ఇంగ్లీషులో తప్పు చదివాను, "యోథ్... ఎయిట్." మొహం ఎర్రబడింది. మళ్లీ అన్నాను, ఇంకాస్త గట్టిగా — ఎయిట్!

"వొచ్!"

మంచం అదిరింది. నోటుబుక్కంతా వెతికాను. వొచ్ అంటే కాదు. ఆరు వారాలు దాటాక మొదటి మాట — కాదు! బడిపంతులనిపించుకున్నారు. వార్డు మధ్యలో నిలబడి ఏడుస్తూ నవ్వాను. రాజయ్య చప్పట్లు.

19 జనవరి

తప్పుల వైద్యం జోరుగా సాగుతోంది. పూటకి పది తప్పులు. "యోథ్... సెవెన్," అని ఆయనే దిద్దారు. రాజయ్య కూడా మొదలుపెట్టాడు — "హింగంటె ఇంగువనే గద సార్?" "వొచ్! ఫైవ్!"

పేషెంటుని రెచ్చగొడుతున్నానని మేట్రన్ చీవాట్లు. రక్తపోటు చూసి చూపించాను. నిక్షేపంగా ఉంది.

23 జనవరి, శుక్రవారం

వాహాన్ వచ్చాడు. మీ నాన్నగారు మాట్లాడుతున్నారని గొప్పగా చెప్పాను. మాస్టారు... ఒక్క మాట లేదు. యోథ్ ఎనిమిదన్నాను, తొమ్మిదన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. కొడుకు ముందు తడబడటం నామోషీ కాబోలు. నేను అబద్ధం చెప్పినట్టయింది. వాహాన్ జేబులోంచి ఇస్ఫహాన్ విమానం టికెట్ తీసి చూపించాడు. ముప్పై ఒకటి, శనివారం.

"మీరు చదవండి, తప్పుగా చదవండి" అన్నాను. తలొంచుకున్నాడు. "నాకు తప్పుగా తప్ప చదవడం రాదు సిస్టర్. అందుకే ఆయన ముందు ఎప్పుడూ చదవలేదు." ఏడేళ్ల వయసులో ఇంగ్లండు బోర్డింగు స్కూలుకి పంపింది ఈ మాస్టారేనట.

కోపం తగ్గింది. కొంచెమే.

26 జనవరి

ఇవాళ ముప్పై మాటలు. లెక్కపెట్టింది రాజయ్య.

28 జనవరి

డాక్టరు ఆగి విన్నారు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూశారు.

30 జనవరి, శుక్రవారం

బ్రింజ్ అంటే బియ్యం. పారశీకం నుంచి వచ్చింది, సంస్కృతంలో వ్రీహి. దానికి ముందు? పుస్తకంలో ప్రశ్నార్థకం, ఆ పక్కన ఖాళీ.

"మేము వరి అంటాం మాస్టారూ" అన్నాను మాటవరసకి. చటుక్కున తల తిప్పారు. ఇక రాజయ్య ఊరుకుంటాడా! "మాది గూడ వరే అక్కా. మా పక్కన గూడెంల గోండోళ్లయితే వంజి అంటరు."

"అగైన్" అన్నారు మాస్టారు.

"వంజి, సార్. వంజి."

"బ్రింజ్... వంజి... వరి..." నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. ఎడంచెయ్యి చాపారు. పెన్సిలిచ్చాను. కొక్కిరిబిక్కిరిగా, ఆ ఖాళీలో రెండు మాటలూ రాశారు. చివర మళ్లీ ప్రశ్నార్థకం — ఊరికే ఒప్పుకునే మనిషా! అయినా రాశారు. ఎన్నేళ్ల ఖాళీయో అది. రాజయ్య కట్టుకాలుతోనే లేవబోయాడు. "మా ఊరి మాట బుక్కుల వడ్డది అక్కా!"

గెలిచాం. ముగ్గురం గెలిచాం.

అప్పుడు మాస్టారు నా వైపు వేలు చూపించి, క్లాసులో వెనక బెంచీని గద్దించినట్టు — "టుమారో. టెన్ వర్డ్స్. తెలుగు."

గుమ్మంలో వాహాన్. ఎప్పుడొచ్చాడో! విన్నాడు. విని కూడా నన్నే అడిగాడు, ఏమన్నారని.

"రేపు పది తెలుగు మాటలు తెమ్మన్నారు."

"రేపు... విమానం కదా సిస్టర్."

"ఆ సంగతి ఆయనకి మీరే చెప్పుకోండి. నేను చెప్పను."

అనేసి వచ్చేశాను. పది మాటలూ రాసిపెట్టుకున్నాను. పదకొండోది కూడా, ఎల్లుండి పాఠానికి.