సౌదామిని టీచర్ దేన్ని ఎంచుకున్నారంటే

వాసవా,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి, ఈ ఉత్తరం పాలాయన చేత పంపుతున్నాను. నువ్వు సమావేశం మధ్యలో లేచి వెళ్ళిపోయాక మన ఒల్లూరు గ్రంథాలయం కమిటీ రెండు ముక్కలైంది. మన ఊళ్ళో పార్టీ చీలినప్పుడు కూడా ఇంత గోల లేదు.

కొత్తగా కంప్యూటర్ నేర్చుకునేవాళ్ళకి, ఉచితంగా దొరికే లినక్స్‌లో ఏ రకం పెట్టాలన్నదే కదా గొడవ. నేను ఉబుంటు అన్నాను, నువ్వు మింట్ అన్నావు. చివరికి రెండు కంప్యూటర్లలో చెరొకటి ఎక్కించి, ఎన్నడూ మౌసు ముట్టని సౌదామిని టీచర్‌ని కూర్చోబెట్టాం. నా ఉబుంటు గొప్పలు నేను ఏకరువు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

"ఇది మొరాయిస్తే ఎవరొస్తారు?"

"ఇంటర్నెట్‌లో వెతికితే అన్నీ దొరుకుతాయి టీచర్."

"మనిషెవరొస్తారని అడిగాను. మరి ఆ రెండోదానికి?"

అబద్ధమాడలేకపోయాను. "వాసవన్ వస్తాడు. అన్నం ముందు నుంచైనా లేచొస్తాడు."

"అయితే అదే పెట్టు. ఇంతసేపూ ఎందుకు వాగావు?"

అన్ని కంప్యూటర్లలోనూ మింటే పెట్టించాం. నేను ఓడిపోయానని టీ కొట్టు దగ్గర చాటించకు.

ఈ పొద్దున టీచర్ ఏం నొక్కారో, అక్షరాలన్నీ పనసకాయలంత అయి కూర్చున్నాయి. సరిచేయడం నాకూ వచ్చు. కానీ ఆవిడ నన్ను దగ్గరికి రానివ్వకుండా, మౌసు పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. ఇంకా ఆలస్యం చేస్తే, మూడో తరగతిలోలాగే నిన్ను బెంచీ ఎక్కిస్తానని రాయమన్నారు.

రాశాను. త్వరగా రా, నేనిప్పటికే బెంచీ ఎక్కి ఉన్నాను.

నీ,
గ్రంథాలయ కార్యదర్శి