ఎముకల వైద్యం నేర్చుకున్నాను, వస్తున్నాను అక్కా

అక్క లచ్చవ్వకు, సముద్రం అవతలి సింహళం లంక నుంచి నీ తమ్ముడు రాజేశం రెండు చేతులూ జోడించి రాయునది. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని, చెన్నూరులో మన మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయని అనుకుంటున్నాను. బావ ఈ ఉత్తరం చదువుతుంటే నువ్వు కండెలు చుట్టడం ఆపి వినాలి. మంచి కబురు. నా చదువు అయిపోయింది. ఇంటికి వస్తున్నాను.

"గీ వయసుల బడికి వోతవారా?" అని నువ్వు రాయించిన ఉత్తరం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇక్కడివాళ్లకు నేత నేర్పడానికి వచ్చినవాణ్ని, నలభై రెండో ఏట ఎముకలు కట్టే వైద్యుడి ఇంట్లో చేరి నాలుగేళ్లు నూనెలు కాస్తానని నేను మాత్రం అనుకున్నానా?

ఈ నెలంతా వానలే. పొద్దున లేచేసరికి సముద్రం, కొబ్బరి తోటలు, ఆకాశం అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయి ఉంటాయి. మధ్యాహ్నం నూనె కాగుతుంటే ఆ ఆవిరి పక్కన కునుకు పడుతుంది. సముద్రపు హోరు వరద గోదారిలా వినిపిస్తుంది. నువ్వు వాకిట్లో నూలు ఆరబెడుతున్నావనిపిస్తుంది. పిలవబోయి కళ్లు తెరుస్తాను. ఎదురుగా అరటిచెట్లు. తిండికి ఫికర్ చేయకు, లోటు లేదు. అన్నంలో కొబ్బరి, కూరలో కొబ్బరి. జొన్నరొట్టె మాత్రం కలలోకి వస్తుంది.

గురువు మొదటి ఏడాది నాకు ఒక్క రోగినీ అప్పగించలేదు. కుండ పగలగొట్టి, పెంకులు గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి ఇచ్చేవాడు. సంచి విప్పకుండా, పైనుంచి తడుముతూ, మళ్లీ కుండ చేసి నిలబెట్టాలి. చేతకాక ఎన్నోసార్లు ఏడుపొచ్చింది. ఒకరోజు కళ్లు మూసుకుని, తెగిన పోగును వెతికినట్టు తడిమాను. అంచుకు అంచు దొరికింది. గురువు నవ్వి, "నీ చేతి వేళ్లు ముందే సదువుకొని వచ్చినయ్" అన్నాడు. ఆయన మాట్లాడేది సింహళమే. ఇన్నేళ్లకు నా చెవికి అది మన మాటలాగే వినబడుతోంది, అట్లాగే రాస్తున్నాను.

రెండు నెలల కింద ఆయన తడి మెట్ల మీద జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగి చెయ్యి వంకర తిరిగింది. పక్క ఊళ్లో పెద్ద వైద్యుడున్నాడు, కబురు పంపుదామన్నాను. వినలేదు. అరుగు మీద కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టాడు.

"నాకు భయమైతుంది అయ్యా."

"నాకు గూడ అయితుంది. కానీ, గుంజు."

గుంజాను. చర్మం కింద ఎముక ఎముకను వెతుక్కుంటూ వెళ్లి కుదురుకోవడం నా వేళ్లకు తెలిసింది. ఆయన అరవలేదు, నేనే అరిచాను. ఆకుముద్ద వేసి, వెదురుబద్దలు పెట్టి కట్టాను. నలభై రోజులు నాకు సరిగా నిద్ర లేదు. కట్టు విప్పితే చెయ్యి తిన్నగా ఉంది. ఆ చేత్తోనే నా నుదుట నూనె రాసి, "ఇగ నీకు చెప్పేది ఏం లే. మీ ఊరికి పో" అన్నాడు. చేతి నూనె తుడుచుకుంటూ, "ఉంటవా?" అని అడిగాడు. ఆయనకు పిల్లలు లేరు. నేను తల వంచుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

బావా, ఇక్కడి నుంచి జర మెల్లగా చదువు.

అక్కా, నేను ఈ విద్య పట్టింది నీ కాలు కోసం. నువ్వెప్పుడూ అడగలేదు. బావి దగ్గర పడ్డప్పుడు ఎవరో అడ్డదిడ్డంగా కట్టిన ఆ కాలు ఈడ్చుకుంటూ ఇరవై ఏళ్లుగా నువ్వు నడుస్తుంటే, మగ్గం గుంటలో కూర్చుని ఆ చప్పుడు వినేవాణ్ని. మొన్న గురువు ముందు నేల మీద నీ కాలు గీసి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"గది అట్లనే అతికింది. గీ వయసుల మళ్ల విరగ్గొడితే ఆమె లేవది. నొప్పి తియ్యి. సక్కగ జేస్త అని మాత్రం అనకు."

ఆ రోజంతా వానలో సముద్రం ఒడ్డున తిరిగాను. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక ముందే రాస్తున్నాను. నూనె తెస్తున్నాను, రోజూ నేనే రాస్తాను. నొప్పి తగ్గుతుంది. కాలు మాత్రం తిన్నగా కాదు. నన్ను తిట్టు, కానీ మాట్లాడడం మానకు.

పున్నమి వెళ్లాక ఓడ ఎక్కుతాను. మద్రాసు మీదుగా మంచిర్యాలలో దిగుతాను, స్టేషనుకు ఎవరూ రావద్దు. మన అరుగు మీది పాత సామాను తీయించి చాప పరిచేంత చోటు చేయించు. అక్కడే కూర్చుని కట్లు కడతాను. ఈలోగా మన వాడలో ఎవరైనా పడి చెయ్యో కాలో విరిగితే కదలనీయకు, రెండు వెదురుబద్దల మధ్య ఆనించి పెట్టమను. నీకు కట్టినట్టు ఇంకెవరికీ కట్టనీయకు. తమ్ముడు దారిలో ఉన్నాడని చెప్పు.

వాడలో పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకునే

నీ తమ్ముడు
రాజేశం