నొప్పి తెలియని చోటు

అక్కా,

షుగరు దిగడం లేదని నువ్వూ నీ మరదలూ కలిసి నన్ను మిఠాయి దొంగను చేశారు. "కక్కుర్తి మానరా తమ్ముడూ" అని నువ్వు ఫోనులో ఏడ్చావు. ఆవిడ పంచదార డబ్బా దాచేసింది. ఒట్టు పెట్టినా ఎవరూ నమ్మలేదు. డాక్టరమ్మ నవ్వి, ఇన్సులిన్ మోతాదు పెంచింది.

పోయిన వారం ఆస్పత్రిలో కొత్త నర్సమ్మ నా పొట్ట తడిమి, "సూది రోజూ ఇక్కడేనా?" అని అడిగింది.

"అక్కడైతే నొప్పి తెలీదమ్మా" అన్నాను గొప్పగా.

"ఎలా తెలుస్తుంది? కొవ్వు గడ్డ కట్టిందిగా!"

ఇన్సులిన్ షుగరు దించడంతో ఊరుకోదట, కొవ్వును లోపలికి తీసుకుని దాచుకోమని కణాలకు చెబుతుందట. ఒకేచోట పొడుస్తుంటే అక్కడి కణాలు బొద్దుగా పెరిగి, మందును సరిగా ఒంటికి ఎక్కనివ్వవట. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల పొట్టలు కొలిచే దర్జీని, నా పొట్ట చూసుకోలేదు.

చోటు మార్చమంది. డాక్టరమ్మను అడిగి మోతాదు తగ్గించుకోమంది. నిర్దోషినని తేలిన సంబరంలో రెండో మాట నా చెవికెక్కలేదు. మర్నాడు కొత్త చోట పాత మోతాదే పొడుచుకున్నాను. మందంతా ఒంటికెక్కి షుగరు మరీ దిగిపోయింది, కొట్లో చెమటలు పట్టి, చేతులు వణికి, మిషను పక్కనే కూలబడ్డాను. నీ మరదలు పరుగున వచ్చి నా నోట్లో పంచదార పోసింది.

"మింగండి, మీకు దండం పెడతాను, ఇంకాస్త మింగండి" అని ఏడ్చింది. పెళ్లయ్యాక ఇంత ప్రేమగా ఆవిడ నాకేదీ తినిపించలేదు.

ఇప్పుడు కులాసాగానే ఉన్నాను. జేబులో ఎప్పుడూ గ్లూకోజు బిళ్లలు ఉండాలని డాక్టరమ్మ ఆజ్ఞ. నీ మరదలు రోజూ పొద్దున్నే నా జేబు తడిమి చూస్తోంది. తీపి దొరక్కపోతే తిడుతోంది.

తిట్లు మాత్రమే తింటున్న
నీ తమ్ముడు