గులాబీ గదిలో మెత్తబడ్డ జట్టు

గురిమాద్ పురపాలక సంఘ క్రీడాధికారి శ్రీ ఇల్మీ డాక్లే గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆటగాళ్లు దుస్తులు మార్చుకొను గదుల రంగులు తారుమారగుటచే మా ఫుట్‌బాల్ జట్టునందు కోపము నశించుట గురించి.

జట్టు శిక్షకుడనైన పెట్రాక్ జ్గూరి అను నేను విన్నవించుకొనునది:

1. గులాబీ రంగు మనిషిని మెత్తబరచుననియు, ఎరుపు రెచ్చగొట్టుననియు తమరు ఎక్కడో చదివి, అతిథి జట్ల గదికి గులాబీ, మా గదికి ఎరుపు వేయవలెనని ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఇది దొంగబుద్ధియే అయినను మేము హర్షించితిమి. కాని రంగులవారు మా గదికే గులాబీ పూసినారు. అడిగితే, "ఎడం గది అన్నారు. ఎటు నించుంటే ఎడమో చెప్పలేదు" అన్నారు.

2. మా రక్షణ ఆటగాడు రాపో మోచేతికి జడిసి పొరుగూరివారు పెళ్లి విందులలో సైతము అతని పక్కన కూర్చోరు. మొన్న ఆదివారము ఎదుటివాడొకడు బంతితో దూసుకురాగా రాపో పక్కకు తొలగి, "నెమ్మదిగా తమ్ముడూ, అక్కడ బురదుంది, జారతావ్" అన్నాడు. వాడు జారలేదు. గోలు కొట్టినాడు.

3. సదరు గోలుకు మా గోల్‌కీపర్ కిచో చప్పట్లు కొట్టినాడు. "ఎవడి జట్టురా నీది?" అని నేను కేకలు వేయగా, "బాగా కొట్టాడు గదా మాస్టారూ, ఉన్నమాట చెప్పుకోవద్దా?" అన్నాడు. ఎరుపు గదిలోనుండి వచ్చిన అతిథులు మాత్రము ఆంబోతుల వలె ఉన్నారు. ఒకడు మూలనున్న జెండా కర్రతో కలియబడినాడు.

4. విరామమున వీరిని తిట్టుటకు గదిలోనికి పోయి నోరు తెరిచితిని. "ఇంటి దగ్గర అందరూ కులాసాయేనా?" అని నా నోట వచ్చినది. వారు నాకు నారింజపండు ఒలిచి ఇచ్చినారు. తింటిని.

5. గదులు మార్చుకొందుమనిన, స్టేడియం కాపలా చూచు జూహ్రా, "ఆఫీసు కాయితం లేకపోతే నా మొగుడికైనా తాళం ఇవ్వను" అని భీష్మించినది.

6. ఇంకొక్క ఆట ఓడినచో మేము పోటీలలో కింది తరగతికి పడిపోవుదుము. మా ఊళ్లో సినిమా హాలు మూతపడింది. రైలు ఆగడం మానేసింది. ఆదివారం పూట నలుగురూ చేరి అరుచుకోవడానికి మాకు మిగిలింది ఇదొక్కటేనండీ.

కావున గదులు మార్చుకొనుటకు తక్షణము అనుమతి దయచేయుదురని, మా ఈ మెత్తదనమును విపత్తుగా చిత్తగించవలెనని ప్రార్థన.

కోపము కొరకు ఎదురుచూచు
తమ విధేయుడు,
పెట్రాక్ జ్గూరి

తా.క. ఆటగాళ్ల సంతకాల కోసం ఇప్పుడే గదిలోకి వెళ్లొచ్చాను. రాపో సంతకం పెట్టలేదు. వాడికీ వాళ్ల నాన్నకీ పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, ఏళ్ల తరబడి పలకరింపుల్లేవు. "నిన్న ఈ గదిలో కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను మాస్టారూ. ఈ ఆదివారం ఆటకి వస్తానన్నాడు. ఆయన చూస్తుండగా ఎవణ్ణీ కొట్టబుద్ధి కావట్లేదు. ఈ ఒక్క ఆటకీ గది మార్చొద్దు" అన్నాడు. సరేనన్నాను. అనుమతి సోమవారం ఇవ్వండి చాలు. ఆదివారం మీరూ రండి, ఇల్మీ గారూ. పెద్దాయనకి చూపు ఆనదట, పక్కన కూర్చుని ఆట చెప్పేవాళ్లు కావాలి. మనం ఓడిపోతుంటే కాస్త మార్చి చెప్పండి.